మళ్ళీ పావుగంటలో చెబుతాను

విజయవాడ స్టేషన్లో ఇరవై రెండేళ్ళు మైకు ముందు కూర్చున్నదాన్ని. నిద్రలో లేపి అడిగినా "ప్రయాణికులకు గమనిక. బండి సంఖ్య ఒకటి రెండు ఏడు ఒకటి ఒకటి, విజయవాడ నుంచి చెన్నై వెళ్ళు పినాకినీ ఎక్స్‌ప్రెస్..." అని మూడు భాషల్లోనూ తడుముకోకుండా అప్పజెప్పేస్తాను. రిటైరయి ఆరేళ్ళవుతున్నా గొంతులో ఆ సాగదీత పోలేదు. అన్నానికి రమ్మని పిలిస్తే మావారు "ఏ నంబరు ప్లాట్‌ఫారం?" అంటారు.

అందుకే విమానం ఎక్కినా నా ధ్యాస కిటికీ మీద ఉండదు, మైకు మీద ఉంటుంది. పైలట్ నోరు విప్పగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. చాలాసార్లు నిరాశే. మొదటి మాట సగం తెగిపోతుంది, చివరి మాట గొణుగుడులో కలిసిపోతుంది, మధ్యలో ఇంజను హోరు.

మొన్న సంక్రాంతికి బెంగళూరులో మా అమ్మాయి దగ్గర్నుంచి వస్తున్నాను. ఏడున్నరకల్లా గన్నవరంలో దింపాల్సిన విమానం. జనవరిలో గన్నవరం పొద్దులు మనకు తెలిసినవే కదా, హైవే మీద లారీలు లైట్లు వేసుకుని పాకుతుంటాయి. పైన మాత్రం ఎండ ఫెళ్ళున కాస్తోంది. నా పక్కన తెనాలి పెద్దావిడ, డెబ్బై ఐదు దాటి ఉంటాయి. విమానం ఎక్కడం అదే మొదలట. మనవడికి ఎక్కడో వెనక సీటు వచ్చింది. ఎక్కిన దగ్గర్నుంచీ నా మోచెయ్యి వదల్లేదు.

దిగే వేళకి విమానం దిగలేదు. ఎండ నా ఒళ్ళో పడింది, నెమ్మదిగా జరిగి అటు పక్క వరసలో వాళ్ళ మీదికి వెళ్ళింది, మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చింది. రెండోసారికి అర్థమైంది, గుండ్రంగా తిరుగుతున్నాం. మూడో చుట్టులో మైకు గరగరలాడింది. "...ఫోక్స్, ఉమ్... విజిబిలిటీ ఎట్ విజయవాడ ఈజ్ బిలో మినిమా... హోల్డింగ్... విల్ అప్‌డేట్ యూ షార్ట్‌లీ." టక్కున ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్, విజయవాడలో మినుములంటాడేంటి?" అంది పెద్దావిడ.

నాకు నవ్వాగలేదు. "మినుములు కాదు పిన్నిగారూ, కింద మంచు పట్టింది, రోడ్డు కనబడటం లేదు, విడేదాకా పైనే తిరుగుతామంటున్నాడు" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి పెట్రోలు అయిపోదూ?" అంది.

చూశారా, విమానంలో ఉన్న నూట యాభై పైచిలుకు మంది మనసులో ఉన్న ప్రశ్న అదే. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు పైకి అడగరు, అంతే. పైలట్‌కి జవాబు తెలుసు. దిగాల్సిన ఊరికి, అక్కడ కుదరకపోతే వేరే ఊరికి సరిపడా ఇంధనం, ఆ పైన ఇంకో అరగంట ఎగరడానికి చాలేంత చివరి నిల్వ ఉంచుకునే బయల్దేరతారు. ఆ ఒక్క ముక్క చెబితే జనం హాయిగా వెనక్కి వాలేవాళ్ళు. దానికి బదులు మినిమా అన్నాడు, అంటే దిగడానికి కనీసం కనబడాల్సిన దూరం. ఆ మాట ఆయనకీ కంట్రోల్ టవర్‌కీ మధ్య ఉండాల్సింది, మా పిన్నిగారి దాకా రావాల్సిన పని లేదు.

ఇక ఆ "షార్ట్‌లీ". ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. "మరికొద్ది సేపట్లో" అన్న మాట నేను ఎన్ని వేలసార్లు అని ఉంటానో లెక్కలేదు. ఐదు నిమిషాలా, రెండు గంటలా అని ఎవరూ నిలదీయలేని మాట అది. చెప్పేవాళ్ళకి ఊరట, వినేవాళ్ళకి నరకం.

ఆ సంగతి నాకు తలకెక్కింది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడిన ఆదివారం. విశాఖ వైపు వెళ్ళాల్సిన జనం మా స్టేషన్లో చిక్కుకుపోయారు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద పిల్లాజెల్లాతో దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. లైను ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు. నాకు తెలియనప్పుడు ఏం చెప్పనని మైకు ముట్టుకోకుండా గంటన్నర ఊరుకున్నాను. కౌంటర్ దగ్గర తొక్కిసలాట. అప్పుడు ఒక పోర్టరు కిటికీలోంచి తల పెట్టి, "ఏదో ఒకటి మాట్లాడండమ్మా, మీరు పలక్కపోతే ఇంకా ఏదో అయిందనుకుంటున్నారు" అన్నాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు, ఇప్పటికీ సిగ్గే.

మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇప్పుడు సమయం రాత్రి తొమ్మిదీ ఇరవై. విశాఖ వైపు బళ్ళ గురించి ఇంకా కబురు రాలేదు. వచ్చినా రాకపోయినా తొమ్మిదీ యాభైకి మళ్ళీ చెబుతాను." తొమ్మిదీ యాభైకి కూడా కబురు లేదు. ఆ మాటే చెప్పి పదీ ఇరవై అన్నాను. రెండోసారి చెప్పేసరికి కౌంటర్ ముందు జనం పలచబడ్డారు. బండి రాలేదు, ఏమీ మారలేదు. చెప్పిన టైముకి గొంతు వినబడింది, అంతే. అరగంట పాటు పడుకోవచ్చు, పిల్లకి పాలు తేవచ్చు, గొంతు తప్పిపోదు అని వాళ్ళకి నమ్మకం కుదిరింది. పైలట్లకి నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది.

మా విమానంలో ఆ గొంతు రాలేదు. తొమ్మిది చుట్లు లెక్కపెట్టాను. ఉన్నట్టుండి "వి ఆర్ డైవర్టింగ్ టు హైదరాబాద్" అన్నాడు. విమానమంతా ఒక్కసారి గగ్గోలెత్తింది. శంషాబాద్‌లో దిగాక తలుపులు తీయలేదు, అలాగే కూర్చోబెట్టారు. ముందు వరసలో కొత్తల్లుడు, మొదటి పండగట పాపం, ఫోన్లో అత్తగారికి "తెలీదండీ, చెప్పట్లేదండీ" అని పదిసార్లు చెప్పాడు. నేనూ ఉండబట్టలేక ఎయిర్‌హోస్టెస్ పిల్లని అడిగి కనుక్కుని, మా చుట్టూ నాలుగు వరసలకీ తెలుగులో ప్రకటన చేసేశాను. "గన్నవరంలో మంచు ఇంకా విడలేదు. ఇక్కడ ఆయిలు పోసుకుంటున్నారు. విడిందని కబురు రాగానే బయల్దేరతాం, అక్కడికి గంటలోపే." వెనక నుంచి ఎవరో "ప్లాట్‌ఫారం కూడా చెప్పండి మేడమ్" అన్నారు. గుర్తుపట్టారో, ఊరికే అన్నారో.

ఇంతలో కాక్‌పిట్ తలుపు తీసుకుని కెప్టెన్ బయటికి వచ్చాడు. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ముందు నిలబడి, అక్కడున్న రిసీవరు తీసుకుని మా మొహాలు చూస్తూ మాట్లాడాడు. ఇందాకటి మనిషేనా అనిపించింది! ఒక్క గొణుగుడు లేదు. మంచు సంగతి, ఆయిలు సంగతి, ఎంతసేపు పట్టొచ్చన్నది, అన్నీ విడివిడిగా చెప్పాడు. తలుపు అవతల కూర్చుని ఆయన యంత్రంతో మాట్లాడాడు, బయటికొచ్చి మనుషులతో మాట్లాడాడు. నాకు నా అద్దాల గది గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి ఒకటో నంబరు కొంచెం కనబడేది. సంచీ చంకలో పెట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని ఎవరినో ఒకర్ని చూసుకుని, ఆయనొక్కడికే చెబుతున్నట్టు చదివేదాన్ని. ఎవరూ కనబడకపోతే మా నాన్నని తలుచుకునేదాన్ని. కాక్‌పిట్‌లో అలాంటి అద్దం లేదు మరి.

మా చెల్లెలి కొడుకు ఒక విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసరు, అంటే కో-పైలట్. పండక్కి వచ్చినవాణ్ణి అరిసెల పళ్ళెం ముందు కూర్చోబెట్టి కడిగేశాను. వాడు ఓపిగ్గా విని, "పెద్దమ్మా, మాకు చెప్పకూడదని కాదు. మా వరస వేరు. ముందు విమానం నడపాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి" అన్నాడు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు రేడియో చూసుకుంటారట. మనతో మాట్లాడాలంటే ఒక చెవి రేడియో నుంచి తీసెయ్యాలి. అదీకాక, పది వేల అడుగుల కింద పనికి సంబంధం లేని మాట ఒక్కటీ ఆడకూడదు. 1974 సెప్టెంబరులో అమెరికాలో షార్లెట్ అనే ఊళ్ళో పైలట్లు పొగమంచులో దిగుతూ రాజకీయాలు, పాత కార్ల కబుర్లలో పడి ఎత్తు చూసుకోలేదు. డెబ్బై మందికి పైగా పోయారు. 1981లో అక్కడ ఆ నియమం పెట్టారు, తర్వాత మిగతా చోట్లకీ పాకింది. మంచు మీద మన వాళ్ళు చుట్లు కొట్టడానికి కారణం కూడా చెప్పాడు. రేడియో సంకేతాలతో రన్‌వేకి దారి చూపే మామూలు స్థాయి ఐఎల్ఎస్ పరికరాలతో దిగాలంటే రన్‌వే మీద కనీసం 550 మీటర్ల దూరం కనబడాలట. ఒక్కో చుట్టుకి సుమారు నాలుగు నిమిషాలు. నా తొమ్మిది చుట్లకీ అరగంట దాటిందన్నమాట.

సరే, దిగే హడావుడిలో ఊరుకోవడం ఒప్పుకుంటాను. తిరిగినంతసేపూ ఊరుకోవడం ఒప్పుకోను. "మరి ఆ బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఆయనకి తీరిక ఎక్కడిదిరా?" అన్నాను. వాడే ఒకసారి చెప్పిన కథ. 1982 జూన్ 24 రాత్రి, జావా దీవి దగ్గర గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలో చిక్కుకుని ఆ 747 నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు తీసుకుని చెప్పిన మాటలు దాదాపు ఇవి: "మనకో చిన్న ఇబ్బంది వచ్చింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. వాటిని మళ్ళీ తిప్పడానికి మా శాయశక్తులా ప్రయత్నిస్తున్నాం. మీరు మరీ కంగారు పడటం లేదనుకుంటాను." ఇంజన్లు మళ్ళీ అందుకున్నాయి, జకార్తాలో అందరూ క్షేమంగా దిగారు. ఆ "చిన్న ఇబ్బంది"ని లోకమంతా మెచ్చుకుంటుంది గానీ నాకు నచ్చలేదు. నాలుగింటికి నాలుగూ ఆగితే చిన్నదేంటి! నాకు నచ్చింది ఆ తర్వాత రెండు ముక్కలు. ఏమైందో ఒకటి, ఏం చేస్తున్నామో ఒకటి. మధ్యలో సాంకేతికం లేదు, అసౌకర్యానికి చింతించడం లేదు.

2010 నవంబరు 4న సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటాస్ ఎ380 విమానం ఇంజను పేలి వెనక్కి వచ్చి దిగినప్పుడు కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ అందరూ దిగాక టెర్మినల్‌లో ప్రయాణికులకి జరిగిందంతా వివరించి, తన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడట. మనం నంబరు దాకా ఆశపడక్కర్లేదు లెండి.

బెల్టు సంగతి కూడా వాడితో వాదించాను. దీపం వెలుగుతుంది, "బెల్టు పెట్టుకోండి" అన్న ఒకే పాఠం వస్తుంది, సగం మంది పట్టించుకోరు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద కుదుపులో పడి ఒకాయన చనిపోయాడు, ఎంతోమంది పైకప్పుకి కొట్టుకుని దెబ్బలు తిన్నారు. వేల అడుగులు పడిపోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు గానీ, దర్యాప్తులో తేలింది ఐదు సెకన్లలోపు 178 అడుగులు. అంత చిన్న పడడానికే అంత దెబ్బ అని ఒక్క ముక్క కలిపి చెబితే ఎవరు బెల్టు తీస్తారు? "భయపడతారు పెద్దమ్మా" అన్నాడు. భయపడనీ, బెల్టు పెట్టుకుని భయపడతారు.

భాష మాట. విమానాశ్రయాల్లో ప్రకటనలు ముందు స్థానిక భాషలో ఉండాలని 2018 డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. అది నేల మీద. పైకెళ్ళాక మాత్రం పైలట్ దయ. తమిళ పైలట్లు కొందరు తమిళంలో మాట్లాడితే ఆ వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. నది పేర్లూ గుడి పేర్లూ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మీద నాకు మోజు లేదు, పొద్దున్నే నిద్రపోయేవాళ్ళని లేపి కృష్ణానది చూపించక్కర్లేదు. తేడా వచ్చిన రోజున తెలుగు రావాలి. మా పిన్నిగారికి మినుములు వినపడ్డ రోజున.

"అయితే నువ్వే రాసివ్వు, నేను చదువుతా" అన్నాడు వాడు, అరిసె నములుతూ. క్యాలెండరు కాగితం చించి వెనక రాశాను.

"నమస్కారం. కాక్‌పిట్ నుంచి మాట్లాడుతున్నాను. గన్నవరంలో మంచు వల్ల రన్‌వే కనబడటం లేదు. విడేదాకా పైన తిరుగుతాం. ఇంధనం సరిపడా ఉంది. విడకపోతే హైదరాబాద్ వెళ్తాం. ఇప్పుడు ఏడూ నలభై. ఏడూ యాభై ఐదుకి, కొత్త సంగతి ఉన్నా లేకపోయినా, మళ్ళీ చెబుతాను."

చదవమంటే గబగబా ముప్ఫై సెకన్లలోపే లాగించేశాడు. "మాటిచ్చాక ఆ టైముకి దిగే హడావుడిలో ఉంటే?" అని అడిగాడు. ఉంటే దిగు నాయనా, దిగితే వాళ్ళకి నీ మాట అక్కర్లేదు.

నిన్న రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాడు. బాగానే ఉంది గానీ "నమస్కారం" కాస్తా "...స్కారం" అయింది, చివర్న తనంతట తనే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" తగిలించాడు. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మొదలెట్టమని, చింత తీసెయ్యమని రాశాను. నీలం గీతలు పడ్డాయి. కాసేపటికి ఇంకో రికార్డింగ్ వచ్చింది. ఈసారి నమస్కారం నిండుగా ఉంది, "ఏడూ యాభై ఐదుకి" దగ్గర మాత్రం గొంతు తగ్గించేస్తున్నాడు. మళ్ళీ పంపమన్నాను.