బెణకడం వేరు, పట్టేయడం వేరు: ప్లస్ టూలో నా పీఈ చదువు

పదో తరగతి అయ్యాక మా నెల్లిమర్లలో నాతో చదివినవాళ్లు దాదాపు అందరూ ఇంటర్‌లో చేరారు. నేను మాత్రం విజయనగరంలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో పదకొండులో చేరాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో పాటు ఐదో సబ్జెక్టుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకున్నాను. "డ్రిల్లు పీరియడ్‌కి కూడా పరీక్షేటే గుంటా?" అని మా పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. అమ్మకీ లోపల అదే దిగులు. "దానికి ఇష్టమైంది, చదవనీ" అన్నది నాన్న ఒక్కరే. ఎనిమిదో తరగతి నుంచి నేను కబడ్డీ ఆడుతున్నాను. ఈ సబ్జెక్టు తీసుకోవడానికి నాకు అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

ఆటలాడే పిల్లకి ఇది తేలిక అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ 100 మార్కుల్లో 70 థియరీకే పోతాయి. పన్నెండో తరగతిలో పది యూనిట్లు. టోర్నమెంటు ఎలా నడపాలన్న దగ్గర మొదలై యోగా, పోషకాహారం, ఫిజియాలజీ, గాయాలు, బయోమెకానిక్స్, సైకాలజీ దాకా ఉంటాయి. నేనేమో పదో తరగతి వరకు తెలుగు మీడియం. మొదటి యూనిట్ టెస్టులో 35కి 14 వచ్చాయి. ఆ రోజు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు.

దారి చూపించింది మా పీఈ సారే. "ముందు నీ మాటల్లో రాసుకోమ్మా, ఇంగ్లిష్ పేరు తర్వాత పక్కన రాయి" అన్నారు. 200 పేజీల నోట్సు కొనుక్కుని అలాగే మొదలుపెట్టాను. గాయాల పాఠం దగ్గర ఆ పద్ధతి నాకు పూర్తిగా పట్టుబడింది. స్ప్రెయిన్, స్ట్రెయిన్ అనే రెండు మాటలూ క్లాసులో అందరినీ తికమక పెట్టేవి. ఎముకనీ ఎముకనీ కలిపే లిగమెంటు సాగినా చిరిగినా స్ప్రెయిన్. కండరానికో, దాన్ని ఎముకకి అంటిపెట్టే టెండన్‌కో దెబ్బ తగిలితే స్ట్రెయిన్. మా ఇంట్లో ఎవరూ ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పరు. కాలు బెణుకుతుంది, పిక్క పట్టేస్తుంది. అలాగే రాసుకున్నాను. పట్టేసిన ప్రతిదీ స్ట్రెయిన్ కాదు, క్రాంప్ (కండరం ఉన్నట్టుండి బిగుసుకుపోవడం) కూడా కావచ్చని సార్ పక్కన ఎర్ర పెన్నుతో దిద్దారు. డిస్‌లొకేషన్ దగ్గర "కీలు తప్పడం" అని రాశాను. గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ ఎంత చదివినా అర్థం కాలేదు. చివరికి పెరట్లో పచ్చి వేపపుల్ల ఒకటి విరిచి చూశాను. ఒక పక్క చిట్లింది, రెండో పక్క వంగిందే తప్ప తెగలేదు. చిన్నపిల్లల ఎముక అలా విరుగుతుందన్నమాట. ఆ పుల్లని నోట్సులోనే సెలోటేపుతో అతికించాను.

కొన్ని పాఠాలు మా చుట్టుపక్కల నుంచే వచ్చినట్టు ఉండేవి. డోపింగ్, అంటే ఆటల్లో నిషేధించిన మందులు వాడటం గురించి చెబుతూ సార్ మా మండలంలోని కొండవెలగాడ పేరు ఎత్తారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో ఈమెకి రజతం దక్కింది. ఆ పాఠం నేను మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

పన్నెండో తరగతి నవంబరులో అసలు కష్టం వచ్చింది. ప్రాక్టీసులో కూతకి వెళ్లి బోనస్ గీత దగ్గర వెనక్కి తిరగబోతే కుడికాలు లోపలికి మడత పడింది. ఇంటికి చేరేసరికి చీలమండ నిమ్మకాయంత వాచింది. మామ్మ అప్పటికే నువ్వుల నూనె వేడి చేసి గిన్నెతో వచ్చి కూర్చుంది. "నలిపితే నరం సర్దుకుంటాది, ఇటు పెట్టు కాలు" అంది. నాకు పాఠం గుర్తొచ్చింది. లోపల చిన్న రక్తనాళాలు కూడా చిట్లి ఉంటాయి. మొదటి రెండు మూడు రోజులు వేడి పెట్టినా, నలిపినా వాపు ఇంకా పెరుగుతుంది. "వద్దు మామ్మా" అన్నాను. తమ్ముడు సోడా కొట్టు నుంచి ఐస్ తెచ్చాడు. తుండుగుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టడం, తీయడం. క్రేప్ బ్యాండేజీ కట్టుకుని, కాలు రెండు దిళ్ల మీద ఎత్తి పెట్టుకున్నాను. మామ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మర్నాడు ఎక్స్‌రేలో ఎముకకి ఏమీ కాలేదని తేలింది. డాక్టరు గారు కూడా ఐస్, విశ్రాంతే చెప్పారు.

ఆ మూడు వారాలూ రికార్డు రాస్తూ కూర్చున్నాను. మహిళల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ఆ బొమ్మ స్కేలు పెట్టి నాలుగుసార్లు గీశాను. వృద్ధుల ఫిట్‌నెస్ కొలిచే రిక్లి, జోన్స్ పరీక్ష కూడా సిలబస్‌లో ఉంది. ఇంట్లోనే 72 ఏళ్ల మామ్మ ఉంది కదా, అడిగాను. అలక ఇంకా పూర్తిగా తీరలేదు, అయినా ఒప్పుకుంది. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకోమన్నాను. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టాలి. ఆ వయసు ఆడవాళ్లకి 10 నుంచి 15 సార్లు మామూలు. మామ్మ 9 దగ్గర ఆగిపోయింది. తర్వాత ఎనిమిది అడుగుల దూరంలో కంచు చెంబు పెట్టి, దాన్ని చుట్టి వచ్చి కూర్చోమన్నాను. చెంబు దగ్గర తిరిగేటప్పుడు తూలి గోడ పట్టుకుంది. నాట్లేసి, కోతలు కోసి, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆమె కాళ్లలో బలం తగ్గిందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, స్టాప్‌వాచ్ పట్టుకునేదాకా నాకూ తెలియదు. నిజంగా భయమేసింది.

జనవరిలో ప్రాక్టికల్స్. ఫిట్‌నెస్ పరీక్షకి 6, ఆటకి 7, యోగాకి 7, రికార్డుకి 5, వైవాకి 5. 600 మీటర్ల పరుగంటే మా గ్రౌండులో మూడు రౌండ్లు. రెండో రౌండు మలుపులో చీలమండ గుచ్చినట్టయింది. టెన్షన్‌తో వేగం తగ్గించాను కానీ ఆగలేదు. వైవాలో ఎగ్జామినర్ మేడమ్, వేగం మార్చుకుంటూ పరుగెత్తే ఫార్ట్‌లెక్ ట్రైనింగ్ ఏ దేశంలో పుట్టిందని అడిగారు. నోట్సు పేజీ కళ్ల ముందు కనబడుతోంది, దేశం పేరు మాత్రం నోటికి రాలేదు. స్వీడన్. గుమ్మం దాటాక గుర్తొచ్చింది. తర్వాత మేడమ్ నా రికార్డులో మామ్మ పేజీ దగ్గర ఆగి, "9 వచ్చాక ఏం చేశావు?" అని అడిగారు. రోజూ పొద్దున, సాయంత్రం కుర్చీలోంచి ఐదేసిసార్లు లేపుతున్నానని చెప్పాను. తల ఊపి సంతకం పెట్టారు.

థియరీలో 61, ప్రాక్టికల్స్‌లో 27 వచ్చాయి. ఇప్పుడు పీఈ టీచర్ అవడానికి చదివే డిప్లొమా డీపీఈడీ కోసం, దాని ప్రవేశ పరీక్ష పీఈసెట్‌కి తయారవుతున్నాను. పొద్దున్నే గ్రౌండుకి వెళ్తాను. తిరిగొచ్చేసరికి మామ్మ తనే కుర్చీ గోడకి ఆనించి కూర్చుని, "గడియారం తియ్యే" అంటుంది. మొన్న ఆదివారం 12 సార్లు లేచింది.