నాణెం మీద తేడా: టంకశాలలో పుట్టిందా, బయట తగిలిన దెబ్బా?

నాణెం మీద వింత కనబడగానే ధర వెతకొద్దు. ముద్ర పడే క్రమంలో ఆ తేడా ఎలా వచ్చి ఉంటుందో ముందు ఆలోచించండి. లోహపు రేకు నుంచి బిళ్ళ కోస్తారు, కాల్చి మెత్తబరుస్తారు, అంచు లేపుతారు. తర్వాత కాలర్ అనే ఉంగరంలో కూర్చోబెట్టి బొమ్మ చెక్కిన రెండు ఉక్కు అచ్చుల (డైల) మధ్య బలంగా నొక్కుతారు. ఈ వరుసలో ఎక్కడా ఇమడని తేడా చాలావరకు బయట తగిలిన దెబ్బే.

చేతిలో 10ఎక్స్ లూప్ (పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం), గ్రాములో వందో వంతు చూపే త్రాసు, మందం, వ్యాసం కొలిచే కాలిపర్, అయస్కాంతం ఉండాలి. అదే రకం మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే.

గీత కనిపిస్తే అది ఉబ్బిందా, దిగిందా చూడండి. డై పగిలితే ఆ పగుల్లోకి లోహం ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బి ఉంటుంది. లోపలికి దిగింది సాధారణంగా గీరుడు. గీరితే లోహం పక్కలకి లేచి గట్టు కడుతుంది, వేలిగోటికి తగులుతుంది. ముద్ర పడేటప్పుడు మధ్యలో దారప్పోగు ఇరుక్కున్నా గీత దిగే ఉంటుంది కానీ ఆ గట్టు ఉండదు.

ఎక్కువమంది పొరబడేది జంట అక్షరాల దగ్గర. డైని తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు కాస్త పక్కకి పడితే అది డబుల్డ్ డై. రెండు రూపాలూ నిండుగా, గుండ్రంగా లేచి ఉంటాయి. అక్షరం లావవుతుంది, మూలల్లో చీలిక కనిపిస్తుంది. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే తేడా ఉంటుంది. మెషిన్ డబ్లింగ్ వేరు. నొక్కిన వెంటనే డై వదులుగా జరిగి, అప్పుడే లేచిన అక్షరాన్ని ఒక పక్క అణిచేస్తుంది. అక్కడ చదునైన మెట్టు ఏర్పడి అక్షరం సన్నబడుతుంది. దీనికి పెద్దగా విలువ లేదు, అయినా అమ్మకానికి వచ్చే ‘డబుల్డ్ డై’లలో చాలా భాగం ఇవే.

అంచు వంపుగా కోసుకుపోయిన నాణెమైతే, కోతకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. నిజమైన క్లిప్ (బిళ్ళ కోసేటప్పుడే పడ్డ కోత) అయితే అక్కడ అంచు పలచగా, మసకగా ఉంటుంది. అంచు లేపే యంత్రంలో కోత ఉన్నచోట ఒత్తిడి అందదు, దాంతో ఎదుటి వైపూ సరిగా లేవదు. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. ఇది ప్రతిసారీ స్పష్టంగా ఉండకపోవచ్చు. అందుకే కోత దగ్గర అక్షరాలు సాగి కోతవైపు జారాయా అని కూడా చూడండి. ఆకురాయితో అరగదీసిన చోట అక్షరం నిటారుగా తెగిపోయి ఉంటుంది.

నాణెం మీద తిరగేసిన, లోతైన ముద్ర ఉంటే బ్రోకేజ్ (ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుని తర్వాతి బిళ్ళ మీద పడిన ముద్ర) అని సంబరపడొద్దు. రెండు నాణేలను వైస్‌లో (మరతో బిగించే పట్టకారులో) బిగించినా అలాంటి ముద్రే పడుతుంది. అప్పుడు అసలు బొమ్మ ఆనవాళ్ళు అడుగున నలిగి మిగులుతాయి, రెండో వైపు ఎత్తైన భాగాలు చదునవుతాయి.

నకిలీల విషయంలో 1943 నాటి అమెరికా సెంటు మంచి పాఠం. ఆ ఏడు వాటిని జింకు పూత వేసిన ఉక్కుతో కొట్టారు. పొరపాటున కంచు బిళ్ళల మీద పడ్డవి అతి కొద్ది. ఉక్కు సెంటుకి రాగి పూత వేస్తే అయస్కాంతం పట్టేస్తుంది. 1948 సెంటులో 8ని గీకి 3 చేస్తే అయస్కాంతం పట్టదు, అక్కడ అంకె ఆకారాన్నే లూప్‌తో పోల్చాలి. బరువూ చూడండి: కంచుది సుమారు 3.11 గ్రాములు, ఉక్కుది 2.7 దగ్గర.

పోతపోసిన నకిలీల మీద సన్నటి గుంటలు, సబ్బులాంటి నునుపు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెమైతే అంచుకి లోపలి పక్కన లూప్ పెట్టి వెతకండి. ఒకదాన్ని తొలిచి ఇంకోదాన్ని అందులో బిగించిన అతుకు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.