పగలు కొట్టిన క్లియర్, రాత్రి వచ్చిన ఆయాసం

నాది అప్పట్లో కార్లకి స్ప్రే పెయింటు కొట్టే పని. నా దగ్గు స్ప్రే బూత్‌లో మొదలుకాలేదు. అందుకే దానికీ పెయింటుకీ ఉన్న లంకె ఎవరికీ వెంటనే తట్టలేదు. పొద్దున క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక పూత) కొడితే సాయంత్రం దాకా ఏమీ ఉండేది కాదు. రాత్రి పడుకున్నాకే ఛాతీ పట్టేసేది, గొంతులో గరగర, ఊపిరి వదిలేటప్పుడు సన్నగా పిల్లికూతలు. లేచి కూర్చుంటే కాస్త నయం. దగ్గు మందుకీ యాంటీబయాటిక్‌కీ లొంగలేదు. వరసగా సెలవులొస్తే మాత్రం దానంతటదే తగ్గేది, పనిలోకి దిగాక మళ్లీ పట్టుకునేది. చివరికి డాక్టరు తేల్చింది, పని వల్ల వచ్చిన ఆస్తమా అని. కారణం, పెయింటు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు అనే రసాయనాలు.

టూకే (హార్డెనర్ కలిపి వాడే రెండు భాగాల) ప్రైమర్, టూకే క్లియర్ వాడే దాదాపు ప్రతి షెడ్డులోనూ ఈ రసాయనం ఉంటుంది. హార్డెనర్ డబ్బాలో ఉండేది ఎక్కువగా హెచ్‌డీఐ అనే ఐసోసయనేట్ నుంచి చేసిన పాలీఐసోసయనేట్. రెసిన్‌తో కలిసి అది గట్టిపడటం వల్లే క్లియర్‌కి ఆ మెరుపు, ఆ మన్నిక. గన్ నుంచి వచ్చే తుంపరలో మాత్రం అది ఇంకా గట్టిపడలేదు. ఆ తుంపర పదేపదే ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరి శరీరం దానికి సెన్సిటైజ్ అవుతుంది, అంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఎదురుతిరుగుతుంది. అది కొన్ని వారాల్లో జరగొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. "ఇన్నేళ్లుగా కొడుతున్నా, నాకేం కాలేదు" అనే మాటకి ఇక్కడ విలువ లేదు. ఒకసారి సెన్సిటైజ్ అయ్యాక మోతాదు లెక్కలు కూడా పనిచెయ్యవు. పక్క బేలో ఎవరో గన్ కడిగినా ఊపిరి బిగుసుకుంటుంది.

రియాక్షన్ రెండు రకాలు. ఒకటి పీల్చిన నిమిషాల్లో వచ్చి, గంటా రెండు గంటల్లో తగ్గేది. రెండోది నాలుగు నుంచి పన్నెండు గంటల తర్వాత నెమ్మదిగా మొదలయ్యేది. కొందరికి రెండూ వస్తాయి. నాది రెండో రకం. మనిషిని మోసం చేసేది కూడా అదే, ఎందుకంటే రోగం బయటపడే వేళకి పని గుర్తుండదు.

ముక్కు కూడా ఇక్కడ పనికిరాదు. షెడ్డులో గుప్పుమనేది థిన్నర్ వాసన. ఐసోసయనేట్ హాని చేసే స్థాయిలో ఉన్నా వాసన తెలియదు. బ్రిటన్‌లో గాలిలో దానికి పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకి 0.02 మిల్లీగ్రాములు, పదిహేను నిమిషాలకి 0.07. అంత తక్కువని ఏ ముక్కూ పట్టుకోలేదు. "మేం వాటర్ బేస్ వాడుతున్నాం, మాకు బెంగ లేదు" అనే వాళ్లకి ఒక మాట: నీళ్లతో ఉండేది బేస్ కోట్, అంటే రంగు పూత, మాత్రమే. దాని మీద కొట్టే క్లియర్ దాదాపు ఎప్పుడూ టూకేనే.

రోగాన్ని పట్టించింది ఖరీదైన స్కాన్ కాదు, పీక్ ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టం. నిలబడి, ముల్లుని సున్నాకి దించి, గుండెల నిండా గాలి తీసుకుని, పెదాలు గొట్టం చుట్టూ బిగించి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా రెండు గంటలకోసారి ఊదితే మంచిది. కుదరని రోజున కూడా నాలుగు రీడింగులకి తగ్గకూడదు. పని రోజులు, సెలవు రోజులు కలిపి నాలుగు వారాల పట్టిక కావాలి. అంకె పక్కన ఆ రోజు చేసిన పని రాయాలి: పుట్టీ రుద్దడం, ప్రైమర్, క్లియర్, గన్ కడగడం, వెల్డింగ్. ఆ కాలమ్ లేకపోతే పట్టికకి సగం బలం పోతుంది.

నా పట్టికలో క్లియర్ కొట్టిన రోజు పగటి రీడింగులు బాగానే ఉండేవి. సాయంత్రానికి జారేవి, మర్నాడు నిద్ర లేచేసరికి అన్నిటికంటే తక్కువ. వారం గడిచేకొద్దీ గీత మెట్లు దిగినట్టు కిందికి పోయేది. ఒక్క రోజు సెలవుతో అది పైకి రాదు. పూర్తిగా లేవడానికి చాలామందికి కొన్ని రోజులు కావాలి, అందుకే వారాంతపు సెలవు ఒక్కదాన్నీ చూసి "పనికీ దీనికీ సంబంధం లేదు" అనుకోకూడదు. పట్టిక నడుస్తున్నంత కాలం ఇన్‌హేలర్ మోతాదు మార్చినా లెక్క చెడుతుంది. ఆయాసం తీవ్రంగా ఉన్నవాళ్లు మాత్రం పట్టిక కోసం ఆగకుండా వెంటనే పని మానాలి.

స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్షలో, శ్వాస గొట్టాలు వదులయ్యే మందు పీల్చక ముందూ తర్వాతా ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలే గాలి 12 శాతం, దాంతోపాటు 200 మిల్లీలీటర్లు పెరిగితే అది ఆస్తమాకి గట్టి ఆధారం. సెలవుల్లో చేయించుకుంటే నార్మల్ అని రావొచ్చు. ఐసోసయనేట్‌కి చేసే రక్తపరీక్ష చాలామంది రోగుల్లో నెగటివే వస్తుంది కాబట్టి దాన్ని చూసి రోగం లేదని తేల్చకూడదు. ఎక్స్‌రే సంగతి చెప్పక్కర్లేదు, మామూలుగానే ఉంటుంది.

నాకిచ్చిన మందు స్టెరాయిడ్, ఫార్మోటెరాల్ (శ్వాస గొట్టాలు వదులు చేసే మందు) కలిసిన ఇన్‌హేలర్. ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం పెట్టుకుని, ఒక్కో పఫ్ విడిగా పీల్చి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు. మందు మొదలయ్యాక రాత్రులు తేలికయ్యాయి. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ఇన్‌హేలర్ లక్షణాన్ని కప్పుతుంది గానీ సెన్సిటైజేషన్‌ని తీసెయ్యదు. పఫ్ వేసుకుని బూత్‌లోకి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. రోగం తెలిశాక కూడా స్ప్రే పని వదలని పెయింటర్లు ఆస్తమా దాడితో చనిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మంచి మాస్కుతో మళ్లీ గన్ పట్టొచ్చు కదా అని అందరూ అడుగుతారు. సెన్సిటైజ్ అయినవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. ఇంకా కానివాళ్లకి మాత్రం మాస్కే గోడ, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. గాలిని వడకట్టే క్యాట్రిడ్జ్ మాస్కులో బొగ్గు నిండిపోయిందని సాధారణంగా వాసనే చెబుతుంది. వాసన లేని దానికి ఆ హెచ్చరిక ఉండదు. కాబట్టి టూకే స్ప్రేకి బయటినుంచి గాలి పంపే ఎయిర్ లైన్ వైజర్ (ముఖం ముందుండే పారదర్శక తొడుగు) గానీ మాస్కు గానీ ఉండాలి. వదులుగా ఉండే హుడ్, వైజర్ రకాలకి నిమిషానికి 170 లీటర్ల గాలి, ముఖానికి బిగిసే రకానికి 115 లీటర్లు అమెరికన్ ప్రమాణం. గడ్డం ఉంటే బిగిసే రకం సీల్ అవ్వదు.

ఆ గాలి ఎక్కడిదన్నది ఇంకో ప్రశ్న. ఆయిల్ కంప్రెసర్ వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గాలి లాక్కునే మూతి జనరేటర్ పొగగొట్టం దగ్గర ఉన్నా అంతే. లైన్‌లో బిగించే బొగ్గు ఫిల్టరు ఆయిల్ వాసనని ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. పీల్చే గాలిలో అది 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) దాటకూడదు. అందుకు అలారం ఉన్న మీటరే దిక్కు.

ఇక వైజర్ ఎత్తడం. బానెట్ మీద ఆఖరి పాస్ అయిపోతుంది. పెయింటర్ లైటు కింద తల వంచి, క్లియర్ కారిందా, ఎక్కడైనా ఎండుగా పడిందా అని పక్కచూపు చూస్తాడు. వైజర్ ప్లాస్టిక్ మీద ఓవర్‌స్ప్రే పడి మసకగా ఉంటుంది, చెయ్యి దానంతటదే పైకి వెళ్తుంది. గాలి శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ కంటికి ఆనని సన్న తుంపర ఇంకా తేలుతూనే ఉంటుంది. మందు ఇదే: వైజర్ మీద చించేసే పలుచని ఫిల్ములు పెట్టుకోవడం, బూత్ ఖాళీ అయ్యే సమయం కొలిచి తలుపు మీద రాయడం. కొలవడం కష్టం కాదు. ఫ్యాన్లు ఆన్ చేసి పొగ మెషీన్‌తో బూత్ నింపి, పొగ ఆపిన క్షణం నుంచి మూలల్లో ఆఖరి తెర పోయేదాకా వాచీ చూడటమే. మంచి బూత్ కొన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది, మామూలు స్ప్రే గదికి ఇరవై నిమిషాలు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కోటు అయిపోయిందని ఫ్యాన్ ఆపేస్తే ఆ లెక్క మొత్తం పోతుంది.

బూత్ లోపలి ఒత్తిడి బయటికంటే కాస్త తక్కువ ఉండాలి, అప్పుడు సందుల్లోంచి గాలి లోపలికే వస్తుంది. ఎగ్జాస్ట్ ఫిల్టర్లు మూసుకుపోతే ఇది తిరగబడి తుంపర షెడ్డులోకి చిమ్ముతుంది, సొట్టలు తీసే, ఏ మాస్కూ లేని డెంటరు దాన్ని పీలుస్తాడు. ఒత్తిడి చూపే గేజీని రోజూ చూడాలి. గన్ కడిగేటప్పుడు థిన్నర్ పోసి గాల్లోకి చిమ్మడం కూడా స్ప్రే కిందే లెక్క, అందులో కలిపిన క్లియర్ మిగిలే ఉంటుంది. మూత ఉన్న గన్ వాషర్ ఉండాలి, దానికి గాలి లాగే ఏర్పాటు కూడా.

చర్మం ద్వారా కూడా సెన్సిటైజ్ అయ్యే అవకాశం ఉంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, హార్డెనర్ పడితే వెంటనే మార్చాలి. చేతి మీద పడ్డదాన్ని థిన్నర్‌తో తుడవకూడదు, సబ్బు నీళ్లతో కడగాలి. డబ్బా ఒలికితే ముందు ఇసుక లాంటిది చల్లి ఎత్తాలి, ఆపైన వాషింగ్ సోడా 5 నుంచి 10 శాతం, కొంచెం లిక్విడ్ డిటర్జెంట్, మిగతా నీళ్లు కలిపిన ద్రావణం పొయ్యాలి. ఎత్తిన చెత్త డబ్బా మూత బిగించొద్దు. ఐసోసయనేట్ నీళ్లతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి డబ్బా పగులుతుంది.

స్ప్రే వదిలి డెంటింగ్ వైపు వచ్చాక తెలిసిందేమిటంటే, అక్కడా పూర్తి క్షేమం లేదు. పూర్తిగా ఆరని పెయింటు మీద సాండ్ పేపర్ కొడితే ఆ పొడిలో మిగిలిన ఐసోసయనేట్ ఉండొచ్చు. అతుకులు మూసే సీమ్ సీలర్, అద్దం అతికించే పాలీయురితేన్ జిగురు, అండర్‌బాడీ కోటింగ్, ఇవి మంటకీ గ్రైండర్ వేడికీ విరిగితే అదే పొగ. వెల్డింగ్ పెట్టే చోటు చుట్టూ వాటిని చల్లగా గీకి తియ్యాలి, టార్చ్‌తో కాల్చకూడదు. పేపర్ కొట్టడానికి వాక్యూమ్ తగిలించిన సాండర్, ముఖానికి సన్న పొడిని ఆపే పీ3 ఫిల్టరు. నేల మీది పొడిని ఎయిర్ గన్‌తో ఊదడం ఆపాలి. పాత బండి ప్రైమర్‌లో సీసం, క్రోమేట్ కూడా ఉండొచ్చు.

రాత్రిపూట వచ్చే ఇంకో జబ్బుతో దీన్ని కలపకూడదు. జింక్ పూత ఉన్న ప్యానెల్‌ని వెల్డ్ చేసిన కొన్ని గంటలకి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తే అది మెటల్ ఫ్యూమ్ ఫీవర్. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పిల్లికూతలు దాని ముఖ్య లక్షణం కాదు. పట్టికలో వెల్డింగ్ కూడా రాయమన్నది ఇందుకే.

కోలుకోవడం ఒక వరసలో జరిగింది. రాత్రి పిల్లికూతలు ముందు పోయాయి, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తర్వాత. చల్లగాలి, పొడి, థిన్నర్ ఘాటు తగిలితే వచ్చే దగ్గు అన్నిటికంటే మొండిది, కొంచెం ఇంకా ఉంది. ఎంత త్వరగా దూరం జరిగితే అంత బాగా తగ్గుతుంది, మెరుగుదల రెండేళ్ల దాకా సాగొచ్చు, కొందరికి మాత్రం ఇన్‌హేలర్ మిగిలిపోతుంది. మందు తగ్గించడం డాక్టరు చెప్పినట్టే, రీడింగులు చూసుకుంటూ.

ఇలాంటి దగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు "పెయింటు పని" అని చెప్పి ఊరుకోవద్దు. పెయింటు కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ పట్టుకెళ్లాలి. మూడో సెక్షన్‌లో ఏమేం కలిశాయో, ఎనిమిదో దాంట్లో ఏ రక్షణ కావాలో ఉంటుంది. క్లియర్ డబ్బాది ఒక్కటే తీసుకెళ్తే ఐసోసయనేట్ మాటే కనిపించకపోవచ్చు. హార్డెనర్‌ది విడిగా అడిగి తీసుకోవాలి.