మసి అంటిన చోటే చెక్కు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు అడిగారు. "అమెరికాలో ఏం సాధించావో రాయరా" అన్నాడు ఒకడు. ఇంటి అప్పు తీరడం తప్ప చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. అందుకని నేను చేసిన తుపాకి గురించి రాస్తున్నాను. కంగారు పడకండి, ఇందులో మన క్రాఫ్ట్ మాస్టారు కూడా ఉన్నారు.

1983లో మనం ఎనిమిదో తరగతి. ప్రార్థన చేసే మైదానం వెనక రేకుల షెడ్డు గుర్తుందా? మంగళవారం, శుక్రవారం ఆఖరి పీరియడు క్రాఫ్టు, లెక్కల మాస్టారు లాగేసుకోకపోతే. అమ్మాయిలకు కుట్లు, అల్లికలు. మనకు వడ్రంగం. షెడ్డులో ఆరు ఉలులు, రెండు రంపాలు, ఒక చిత్రిక, నలభైమంది పిల్లలం. మాస్టారి చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, చెవి మీద పెన్సిలు ముక్క ఉండేది. మనం ఆయనకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఆయన పిల్లలు కూడా ఈ సంచిక చదువుతారు.

ఆ ఏడాది అందరం తలా ఒక పీట చెయ్యాలి. కాలు చివర నాలుకలా చెక్కి, పీటలో బెజ్జం తొలిచి, రెండూ బిగుతుగా కూర్చోబెట్టాలి. మాస్టారు లాంతరు చిమ్నీలోంచి గుడ్డతో మసి తీసి, ఆ నాలుకకు పలచగా పూసి, బెజ్జంలో పెట్టి కొడతితో ఒక్కటి వేసి బయటికి లాగేవారు. లోపల ఎక్కడ తగులుతోందో అక్కడ నల్ల మచ్చ పడేది. "మసి అంటిన చోటే చెక్కు. మిగతాది ముట్టకు" అనేవారు. ఆ మాట పీరియడుకు ఇరవైసార్లు అనేవారు. నాకు అంత ఓపిక లేదు. రెండుసార్లు మసి చూసి, మూడోసారి ఉలి పెట్టి బెజ్జం గబగబా పెద్దది చేసేశాను. కాలు లొడలొడలాడింది. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి సందులో కూరి, గరుకు కాగితం రుద్ది, ఏమీ ఎరగనట్టు బల్ల మీద పెట్టాను. మాస్టారు ఏమీ అనలేదు. పీటను కిటికీ గట్టు మీద ఎండలో పెట్టి వేసవి సెలవులకు వెళ్ళిపోయారు. జూన్‌లో వచ్చి చూస్తే నేను కూరిందంతా ఎండి రాలిపోయి, సందు నోరు తెరుచుకుని ఉంది. పదికి నాలుగు మార్కులు వేసి పీట నా చేతిలో పెట్టారు.

ఇక తుపాకి సంగతి. మేముండేది పెన్సిల్వేనియాలో ఆలెన్‌టౌన్ దగ్గర. వచ్చిన పదిహేనేళ్ళకు గాని నాకు తెలియలేదు, మా చుట్టుపక్కల ఊళ్ళే ఒకప్పుడు అమెరికాలో కెల్లా మంచి తుపాకులు చేసిన ఊళ్ళని. మా అబ్బాయి స్కూలు వాళ్ళు నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో ఉన్న లాంగ్‌రైఫిళ్ళ (పొడుగు గొట్టం పాతకాలపు తుపాకుల) మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్తుంటే తోడుగా నేనూ వెళ్ళాను. అద్దాల వెనక మనిషి గడ్డం దాకా వచ్చేంత పొడుగు తుపాకులు. పులిచారల చెక్క, ఇత్తడి బిళ్ళలు, భుజానికి ఆనించే మడమ పక్కన చిన్న మూత ఉన్న అర. వాటిని చూస్తే యుద్ధం గుర్తుకు రాలేదు, వీణ గుర్తుకు వచ్చింది.

18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడినవాళ్ళు తమతో తెచ్చుకున్న తుపాకులు పొట్టివి, లావు గుండువి. అడవిలో నెలల తరబడి తిరిగే వేటగాడికి సీసం బరువే, తుపాకి మందు ఖరీదే. అందుకని ఇక్కడి పనివాళ్ళు గొట్టాన్ని 42 అంగుళాలు, ఆ పైన కూడా పొడుగు చేశారు, గుండును సన్నం చేశారు. లెక్క వేసి చూశాను: .62 బోరుకు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) పౌను సీసంతో ఇరవై గుండ్లు వస్తే, .50 బోరుకు దాదాపు నలభై వస్తాయి. గొట్టం లోపల మెలికలు తిరిగే గాళ్ళు ఉంటాయి. నూనె రాసిన గుడ్డపేలికలో గుండును చుట్టి మూతి నుంచి దట్టిస్తే, పేలినప్పుడు ఆ గాళ్ళ వెంట గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. దట్టించడానికే నిమిషం పడుతుంది, మూతికి బాయొనెట్టు కత్తీ బిగదు. అందుకే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మామూలు సిపాయిల చేతిలో ఉన్నది గాళ్ళు లేని, నిమిషానికి మూడుసార్లు పేల్చగల మస్కెట్టే. జర్మనీ నుంచి చిన్నప్పుడే వచ్చిన జేకబ్ డికర్ట్ లాంకాస్టర్‌లో చేసిన రైఫిళ్ళకు ఎంత పేరంటే, ఆ రకాన్నే డికర్ట్ రైఫిల్ అనేవారు. పుట్టింది పెన్సిల్వేనియాలో, జనం నోట పడ్డ పేరు కెంటకీ రైఫిల్. సొమ్మొకడిది, సోకొకడిది.

కెంప్టన్‌లో వేసవిలో ఈ తుపాకులు చేసేవాళ్ళు కలుసుకునే సంత ఒకటి జరిగేది. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయ్యారు. డెబ్భై దాటాయి, జర్మన్ వంశం. తన కొట్టంలో శనివారాలు నేర్పిస్తారట. "చెక్కపని ఎప్పుడైనా చేశావా?" అని అడిగారు. ఒక పీట చేశానన్నాను. మార్కులు చెప్పలేదు.

ఫోన్లో చెబితే మా అమ్మ హడలిపోయింది. "తుపాకి చెయ్యడమేంట్రా? పోలీసులు పట్టుకుపోరూ?" మన దగ్గరైతే నిజమే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నాటు తుపాకి చేసినా జైలే. ఇక్కడ 1968 నాటి తుపాకుల చట్టం ఇలాంటి పాతకాలపు చెకుముకి తుపాకుల్ని, వాటి నకళ్ళని మామూలు తుపాకుల లెక్కలోంచి తీసేసింది. ఈ దేశపు తుపాకుల గొడవ గురించి నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఇది చోటు కాదు. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది: "ఏమండీ, ఈ వయసులో గిటారు నేర్చుకోవచ్చుగా?"

2018 మార్చిలో మొదలుపెడితే మరుసటి ఏడు మే దాకా పట్టింది. గొట్టం, లాక్ (నిప్పు రాజేసే యంత్రం) రెండూ కొన్నవే. ఇదివరకటి పనివాళ్ళు నాలుగడుగుల ఇనప పట్టీని కడ్డీ చుట్టూ కొలిమిలో చుట్టి, అతికి, తొలిచి గొట్టం చేసేవారు. 1960ల్లో వాలెస్ గస్లర్ అనే ఆయన వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో లాకు, కొయ్య, గొట్టం మొత్తం పాత పనిముట్లతోనే చేసి చూపించాడు. నాకు అంత సీను లేదు. నా చేతికి వచ్చింది రెండున్నర అంగుళాల మందం, ఐదడుగుల పొడుగు మేపుల్ పలక ఒకటి.

ఆ పలకలో ఎనిమిది ముఖాల గొట్టం కూర్చునేలా కాలువ తియ్యాలి. కొయ్యకీ ఇనుముకీ మధ్య కాగితం కూడా దూరకూడదు. మొదటి శనివారం పెద్దాయన కొవ్వొత్తి వెలిగించి, గొట్టం అడుగుభాగాన్ని మంట మీద మెల్లగా జరిపారు. ఇనుము నల్లబడింది. కాలువలో పెట్టి, కొయ్యసుత్తితో తట్టి, పైకి తీశారు. చెక్క మీద అక్కడక్కడా నల్ల మచ్చలు. "నల్లగా ఉన్నది తియ్యి. తెల్లగా ఉన్నది వదిలెయ్యి" అన్నారు.

నాకు కాసేపు నోట మాట రాలేదు. కొట్టం బయట మంచు కురుస్తోంది, నా ముక్కుకు కిరసనాయిలు వాసన తగిలింది.

ఈసారి ఓపిక పట్టాను, నమ్మండి. ఉల్లిపొరంత చెక్క గీకడం, మసి పట్టడం, పెట్టడం, తట్టడం, తియ్యడం. ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే గొట్టం పావు అంగుళం కిందికి దిగేది. లెక్కపెట్టడం రెండొందల దగ్గర మానేశాను. వేళ్ళ గీతల్లో మసి సోమవారం ఆఫీసు మీటింగులో కూడా కనిపించేది.

అసలు టెన్షన్ కడ్డీ బెజ్జం దగ్గర. గుండును దట్టించే కడ్డీ గొట్టం కిందే దాక్కుంటుంది. ముందు భాగంలో దానికి గాడి చాలు. వెనక మాత్రం పదిహేను అంగుళాల మేర చెక్క లోపలే బెజ్జం వెయ్యాలి. పైన గొట్టం కాలువ, కింద కొయ్య అడుగు. గొట్టానికీ బెజ్జానికీ మధ్య మిగిలే చెక్క మందం అంగుళంలో ఎనిమిదో వంతు. పొడుగాటి డ్రిల్లు చెక్క గీత వెంట పక్కకు మళ్ళిందంటే పైకైనా తేలుతుంది, కిందికైనా పొడుచుకొస్తుంది. ఆరు నెలల పని పొయ్యిలోకే. పెద్దాయన ప్రతి అంగుళానికీ డ్రిల్లు బయటికి తీయించి పొట్టు దులిపించారు. అది అయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది. బెజ్జం తిన్నగానే వచ్చింది.

బెజ్జం గండం గడిచిందన్న ధీమాతో లాక్ దగ్గర బోల్తా పడ్డాను. లాక్ అంటే పక్కన ఉండే యంత్రం. దవడల మధ్య చెకుముకి రాయి పట్టుకున్న సుత్తి, దాని ఎదురుగా ఉక్కు రేకు, కింద చిటికెడు మందు పోసే చిన్న గిన్నె. రాయి రేకును గీరితే నిప్పురవ్వలు గిన్నెలో పడతాయి, ఆ మంట గొట్టం పక్కనున్న సూదిబెజ్జం గుండా లోపలికి పోతుంది. గిన్నె అంచుకూ ఆ బెజ్జానికీ పొత్తు కుదరాలి. సముద్రం మీద సగం మునిగిన సూర్యుడిలా బెజ్జం కనిపించాలన్నారు పెద్దాయన. అది చక్కగా కుదిరింది. కానీ లాక్ పలక తోక (వెనక కొస) దగ్గర ఇక నాలుగు గీకుళ్ళు ఉన్నాయనగా, సాయంత్రం ఐదైంది, ఇంటికి చుట్టాలు వస్తున్నారని ఫోను. మసి చూడకుండా ఉలి తోశాను. జారింది. గోరు దూరేంత సందు పడింది.

పెద్దాయన అప్పుడు ఇంట్లోకి వెళ్ళారు. బల్ల మీద జిగురు సీసా ఉంది. కింద అదే చెక్క పొట్టు కావలసినంత. ఫెవికాల్ కన్నా ఎన్నో రెట్లు మంచి జిగురు, పులిచారల్లో కలిసిపోతుంది, ఎవడికీ తెలియదు. సీసా మూత తీశాను కూడా. మళ్ళీ పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో ఆ నాలుగు మార్కులు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆయన తిరిగొచ్చి సందు చూశారు, బొటనవేలి గోరు అందులో పెట్టి చూశారు. "పాత తుపాకుల్లో ఇంతకన్నా పెద్దవి చూశాను" అని, తర్వాత అమర్చాల్సిన లోహపు పలకకు మసి పట్టించడానికి కొవ్వొత్తి అందుకున్నారు.

మిగతా పని తొందరగానే అయింది. గొట్టానికి గోధుమరంగు రావాలంటే తుప్పు పట్టించి, రుద్ది, మళ్ళీ పట్టించాలి. తేమ కోసం మూడు వారాలు మా బాత్రూంలో వేలాడదీశాను. ఆ మూడు వారాలు మా ఆవిడ నాతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొయ్యకు రంగు వెయ్యడం మాత్రం మీరంతా చూసి ఉండాల్సింది. నత్రికామ్లంలో ఇనుము కరిగించిన నీళ్ళు పూస్తే చెక్క పాచిపట్టినట్టు పచ్చగా, అసహ్యంగా తయారైంది. అంతా పాడైందనుకున్నాను. పెద్దాయన వేడిగాలి తగిలించారు. పచ్చదనం విరిగి ఎరుపు, ఎరుపులోంచి తేనెరంగు, అందులోంచి ఒక్కొక్కటే నల్ల చారలు పైకి లేచాయి, పులి ఒళ్ళు విరుచుకున్నట్టు. ఆ పైన అరచేత్తో అవిసె నూనె, రోజూ కాస్త.

మొదటిసారి పేల్చినప్పుడు తుపాకిని పాత టైరుకు కట్టి, దూరంగా నిలబడి తాడు లాగాం. గిన్నెలో భగ్గుమంది, అంతే. మెరిసింది గాని ఉరమలేదు. సూదిబెజ్జంలో నూనె అడ్డుపడిందట. రెండోసారి ఉరిమింది. తెల్లటి పొగ, గంధకం వాసన, దీపావళి మర్నాటి మన వీధి. పెన్సిల్వేనియాలో 1974 నుంచి చెకుముకి తుపాకులకే ప్రత్యేకించి చలికాలంలో జింకల వేట కాలం ఉంది. ఈ పనితనం ఇక్కడ బతకడానికి అదొక కారణం. నేను వేటకు వెళ్ళను. ఏడాదికి నాలుగుసార్లు కాగితం మీద కొడతాను, రెండుసార్లు తగులుతుంది.

మన షెడ్డులో ఇప్పుడు పాత పాఠ్యపుస్తకాల కట్టలు పడేశారని మొన్న ఎవరో ఫోటో పెట్టారు. మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్ళీ నింపనే లేదట. ఆరు ఉలులు ఏమయ్యాయో తెలిసినవాళ్ళుంటే చెప్పండి, ఒకటి నేను కొనుక్కుంటాను.

తుపాకి ఫోటో సంచికకు పంపిస్తున్నాను. లాక్ తోక దగ్గర చూడండి, సందు కనిపిస్తుంది. దాని పక్కనే పీట ఫోటో కూడా వేస్తే బాగుంటుందని సంపాదకులు అడిగితే, మొన్న వీడియో కాల్లో అమ్మకు చెప్పాను. దేవుడి మూల నుంచి పీట తెచ్చి ఫోను ముందు తిప్పి చూపించింది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి. మూడో కాలు దగ్గర సందు అలాగే ఉంది. అందులో అగరొత్తి గుచ్చి ఉంది. "ఇన్నేళ్ళూ దీనికోసమే వదిలావనుకున్నానే" అంది.