గీత దాటిన నీళ్లు

మా చిన్న విమానంలో కారు పెట్రోలు పోసేముందు ఓ పరీక్ష. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు, పైన కారు పెట్రోలు పోసి బాగా కుదిపాం. తేరుకున్నాక చూస్తే నీళ్ల మట్టం గీత దాటి పైకొచ్చింది. పెట్రోల్లో కలిపే ఆల్కహాల్, అదే ఇథనాల్, నీళ్లలోకి దిగిందన్నమాట. ఉన్నట్టే! ఆ డబ్బా విమానం దాకా వెళ్లలేదు, కారులోకే పోయింది.

కారు పెట్రోలంటే నాకేం చిన్నచూపు లేదు. సెస్నా 150 అనే చిన్న విమానంలో వాడటానికి అమెరికాలో 1982లోనే అనుమతి వచ్చింది. పైగా నీలం రంగు విమాన పెట్రోలు 100ఎల్‌ఎల్‌లో ఉండే సీసం ప్లగ్గులకి పట్టే బాధ దీంతో లేదు.

పేచీ అంతా ఇథనాల్‌తోనే. పాత రబ్బరు సీళ్లని పాడుచేస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. పైన చలికి ఆ నీరు విడిపోతే ఇంజిన్‌కి అందేదేమిటి? ఎండల్లో పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరై దారి మూసేసే వేపర్ లాక్ టెన్షన్ వేరే.

"కాస్తేగా, పోసేద్దాం" అన్నాడు మావాడు.

రోడ్డు మీదైతే పక్కకి ఆపుకోవచ్చు నాయనా!