సెల్ఫ్ కొట్టట్లేదా? బ్యాటరీ కొనే ముందు మీటర్ పట్టండి

కారు సెల్ఫ్ తీసుకోకపోతే మన దిక్కు మొదట వినపడే మాట ‘బ్యాటరీ పోయినట్టుంది’. పోయి ఉండొచ్చు. కానీ కొత్త బ్యాటరీ వేశాక నాలుగు రోజులు బాగా తిరిగి, మళ్లీ మొండికేసిన బండ్లు నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల ఎక్కడి షెడ్డుకు పోయినా కనిపిస్తయి. లోపం ఎర్త్ వైరులోనో (బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపేది) రిలేలోనో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉంటది. కొత్త బ్యాటరీకి బలం ఎక్కువ కాబట్టి కొన్నాళ్లు ఆ లోపాన్ని దాటుకొని లాగుతది, అంతే.

కావాల్సిన సామాను తక్కువే. ఒక డిజిటల్ మల్టీమీటర్, రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, 10 నంబర్ పానా, గరుకు కాగితం, తాళం తిప్పడానికి ఇంకో మనిషి. బల్బు ఎందుకంటారా, కిందికి వచ్చేసరికి అర్థమైతది.

ముందు చెవి పెట్టండి. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోవడం వేరు, టిక్ టిక్ టిక్ అని వరసగా కొట్టుకోవడం వేరు, ఒక్కటే ‘టక్’ మని ఆగిపోవడం వేరు. ఇంజిన్ గిరగిరా తిరుగుతూ అందుకోకపోవడం పూర్తిగా వేరే కథ. వరసగా టిక్ టిక్ అంటే సెల్ఫ్ మోటర్ మీది సోలనాయిడ్ (అయస్కాంత స్విచ్) లాగుతోంది, కరెంటు చాలక వదిలేస్తోంది: బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టర్మినల్ లూజై ఉండాలి. ఒకే టక్కు, లైట్లు మాత్రం బాగా వెలుగుతున్నయంటే అనుమానం సెల్ఫ్ మోటర్ మీదికి పోతది. మెకానిక్‌కు ఫోన్ చేసినా ‘స్టార్ట్ అయితలేదన్నా’ అని ఊరుకోకుండా వీటిలో ఏదో చెబితే, అతను తగిన సామాను పట్టుకొని వస్తాడు.

ఇక బ్యాటరీ. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక మీటర్ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12కు దిగితే పావు వంతు మిగిలినట్టు. ఇప్పుడే తిరిగొచ్చిన బండైతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, జర ఆగి కొలవండి, లేకపోతే పైపై చార్జి లెక్క తప్పిస్తది. ఎంత చార్జి చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయినట్టు, ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. మూతలు తీసే రకమైతే హైడ్రోమీటర్ (ఆసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) పెట్టి చూడండి. నిండు చార్జిలో 1.26 నుంచి 1.28 దాకా రావాలి. ఒక సెల్లుకూ ఇంకోదానికీ 0.05 తేడా ఉంటే తక్కువ చూపించే సెల్లు పోయినట్టే.

మీటర్‌లో 12.6 కనపడగానే బ్యాటరీ బాగుందని తేల్చేయకండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కొలవాలి. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటర్ వంద ఆంపియర్లకు అటూ ఇటూ లాగుతది, డీజిల్‌ది ఇంకా ఎక్కువ. ఆ బరువు పడ్డప్పుడు కూడా బ్యాటరీ పోస్టుల (ప్లస్, మైనస్ సీసం మొనల) మధ్య 9.6 కంటే కిందికి పోవద్దు. 12.5 ఉన్నది తాళం తిప్పగానే 7కు పడిందంటే ప్లేట్లు అరిగినయి. లేదా సెల్ఫ్ మోటర్ పట్టేసి మితిమీరి లాగుతోంది. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి ఇంకో బండి మంచి బ్యాటరీని కేబుళ్లతో కలిపి జంప్ ఇచ్చి చూస్తే సరిపోతది (వరస కింద చెప్పిన).

మన ఎండల సంగతి ఇక్కడ చెప్పాలి. బ్యాటరీని చంపేది చలి అనుకుంటారు గానీ, ఏప్రిల్, మే నెలల్లో బానెట్ కింద ఉడికిన వేడే దాని ఆయుష్షు తినేది. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్య దాదాపు రెట్టింపైతది, ప్లేట్ల జాలీ తుప్పు పడుతది, నీళ్లు ఆవిరైతయి. ఎండకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ డిసెంబరు తెల్లవారుజామున మొరాయిస్తది, నింద మాత్రం చలి మీద పడుతది. నీళ్లు తగ్గితే డిస్టిల్ వాటరే పోయాలి. ఫ్లోరైడు, ఉప్పు ఉన్న మన బోరునీళ్లు ఎట్లాగూ పనికిరావు. ఇంట్లో తాగే ఫిల్టర్ నీళ్లూ వద్దు, వాటిలోనూ లవణాలు మిగులుతయి. ప్లేట్లు మునిగి ఒక సెంటీమీటరు పైకి వచ్చేదాకా చాలు. నిండా పోస్తే చార్జి అయ్యేటప్పుడు ఆసిడ్ పొంగి టర్మినళ్లను తింటది.

బ్యాటరీ బాగానే ఉంది, సెల్ఫ్ మాత్రం ఈడ్చినట్టు తిరుగుతోంది. చాలామంది తప్పు దారి పట్టేది ఇక్కడే. వైరు చివర మీటర్ పెడితే 12 వస్తది, ‘వైరు బాగానే ఉంది’ అంటారు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటర్ 12 చూపిస్తది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు లేనట్టే లెక్క. డ్రిప్ పైపులో మట్టి అడ్డం పడ్డా, చివర వాల్వు మూసి ఉన్నంతసేపు ప్రెషర్ సరిగ్గానే ఉంటది కదా, తెరిస్తే కదా తెలిసేది! అందుకే 21 వాట్ల బల్బు. అనుమానం ఉన్న వైరు చివర నుంచి ఎర్త్‌కు ఆ బల్బు పెట్టండి. వైరు బాగుంటే నిండుగా వెలుగుతది, వైరు తెగుడుంటే మసకబారుతది. ఎల్‌ఈడీ టెస్టర్ ఈ పనికి రాదు, అది ఒక్క పోగు మీద కూడా వెలుగుతది.

సెల్ఫ్ మోటర్‌కు పోయే లావు కేబుళ్లకు బల్బు కూడా చాలదు, సెల్ఫే బరువు కావాలి. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదనే), ఎర్ర ప్రోబు రంగు లేని ఇంజిన్ లోహం మీద. ఇప్పుడు ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ అందుకోకుండా పెట్రోలు పంపు ఫ్యూజు తీసి పెట్టండి. మీటర్‌లో 0.2 వోల్టులు, పోనీ 0.3 దాటొద్దు. ఒక వోల్టు కనపడిందా, దొంగ దొరికినట్టే: ఎర్త్ కేబుల్. ఇదే కొలత ప్లస్ దిక్కు, బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా తీస్తే 0.5 లోపల ఉండాలి. లెక్క తేలికే. 150 ఆంపియర్లు పోయే దారిలో ఓములో వందో వంతు అడ్డం ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే కాలిపోతది. ఆ అడ్డం సాధారణంగా క్లాంపు లోపల తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొరలో ఉంటది, లేకపోతే ఇంజిన్ నుంచి బాడీకి పోయే అల్లిక పట్టీ బోల్టు కింద. వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజలిన్ పూయండి, కింద కాదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. పానా ప్లస్ నుంచి బాడీకి తగిలితే ఏమైతదో చూడాల్సిన పని లేదు.

చప్పుడే లేని బండికి దారి వేరు. సెల్ఫ్ మీద సన్న వైరు ఉంటది, దాన్ని 50 నంబర్ టర్మినల్ అంటారు. తాళం తిప్పినప్పుడు అక్కడ పది వోల్టుల పైన వస్తూ కూడా సెల్ఫ్ ఉలకకపోతే సోలనాయిడ్ అయినా, మోటర్ లోపల కరెంటు అందించే కార్బన్లు అయినా పోయినట్టు. చెక్క పిడితో మోటర్ మీద మెల్లగా తట్టితే తిరిగిందంటే కార్బన్లు అరిగినట్టు. ఆ ఉపాయం ఇల్లు చేరడానికే, రేపటికి కాదు. 50 దగ్గర ఏమీ రాకపోతే వెనక్కి నడవాలి: సెల్ఫ్ ఫ్యూజు, రిలే, క్లచ్ పెడల్ కింది స్విచ్, ఆటోమేటిక్ అయితే గేర్ స్విచ్, తాళం స్విచ్. ఆటోమేటిక్‌లో పీ (పార్కింగ్) మీద స్టార్ట్ కాకపోతే ఎన్ (న్యూట్రల్) మీద కొట్టి చూడండి, స్టార్ట్ అయితే గేర్ స్విచ్‌దే తప్పు. రిలే అయితే అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడటం అన్నిటికంటే తొందర. రిలే గూడులో 30 నంబరు పిన్ను దగ్గర ఎప్పుడూ 12 ఉండాలి. తాళం తిప్పినప్పుడు 85, 86 మధ్య 12 రావాలి. 30నూ 87నూ వైరుతో కలిపితే (న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ చూసుకున్నాకనే) సెల్ఫ్ తిరిగిందంటే అక్కణ్నుంచి ముందుకంతా బాగున్నట్టు. ఫ్యూజు పోతే అదే రంగుది వేయండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టి నడిపిస్తే కాలేది ఫ్యూజు కాదు, వైరింగు.

ఇంజిన్ తిరుగుతూ అందుకోకపోతే డ్యాష్‌బోర్డు చూడండి. తాళం ఆన్ చేసినప్పుడు ఇంజిన్ బొమ్మ లైటు వెలగాలి. వెలగకపోతే ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) కరెంటు రావట్లేదు, మెయిన్ రిలే, దాని ఫ్యూజు చూడాలి. పెట్రోలు బండిలో వెనక సీటు కింద రెండు సెకన్లు పంపు చప్పుడు వినాలి. తాళం బొమ్మ మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే ఏర్పాటు) కీని గుర్తుపట్టట్లేదు, రెండో కీతో ప్రయత్నించండి. బటన్ స్టార్ట్ అయితే కీలో చాలావరకు సీఆర్2032 సెల్లు ఉంటది. అది డౌన్ అయితే కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా బండ్లు తీసుకుంటయి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా కూడా లేవకపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడును ఈసీయూకు చెప్పేది) మీద అనుమానం. అది చాలాసార్లు వేడికే చచ్చి చల్లారితే బతుకుతది. మధ్యాహ్నం హైవే మీద ఆగిపోయి అరగంట తర్వాత ఏమీ కానట్టు స్టార్ట్ అయ్యే బండి చరిత్ర ఇదే. లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్‌లో పీ0335 (క్రాంక్ సెన్సర్ లోపం) వస్తే ఇక వెతకనక్కర్లేదు, ముందు దాని కనెక్టర్ చూసి తర్వాత సెన్సర్ మార్చండి. పాత మెకానికల్ పంపు డీజిల్ బండ్లలో అయితే పంపు మీద డీజిల్‌ను ఆపే స్టాప్ సోలనాయిడ్‌కు 12 వస్తోందా అని చూస్తే చాలు.

రాత్రి బాగుండి పొద్దున డౌన్ అయ్యే బండికి ఇవేవీ కాదు, ఎవరో దొంగతనంగా కరెంటు తాగుతున్నారు. అన్నీ ఆపి, తలుపులు మూసి, అరగంట ఆగి, మైనస్ కేబుల్ విప్పి మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల మీద పెట్టండి. 50 మిల్లీఆంపియర్ల లోపుంటే మామూలే. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు, 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ నెల రోజులు కదలకుండా ఉంటే ఖాళీ అయినట్టే. అందుకే ఊర్లో పెట్టి పోయిన కారు పండక్కి వచ్చేసరికి లేవదు. 300 మిల్లీఆంపియర్లు దాటితే అయిదు రోజులు కూడా ఆగదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ ఏది తీస్తే పడిపోతోందో చూడండి. ఎక్కువగా బయట బిగించిన స్టీరియో, జీపీఎస్, డ్యాష్‌క్యామ్ దొరుకుతయి. ఏ ఫ్యూజూ తేల్చకపోతే డైనమో (బ్యాటరీని చార్జి చేసేది) లావు వైరు విప్పి చూడాలి, దాని లోపలి డయోడు లీకయితే అక్కడ తెలుస్తది. మీటర్ ఇట్లా మధ్యలో ఉన్నప్పుడు తాళం మాత్రం తిప్పొద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతది.

జంప్ ఇచ్చేటప్పుడు వరస మార్చొద్దు. ఎర్రది డౌన్ బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస డౌన్ బండి ఇంజిన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి నిప్పురవ్వ అక్కడే పుడుతది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండొచ్చు. స్టార్ట్ అయ్యాక పోస్టుల మధ్య 13.8 నుంచి 14.5 రావాలి, 12.5 దగ్గరే ఉంటే డైనమో చార్జి చేయట్లేదు. కొన్ని కొత్త బండ్లలో డైనమో తానే చార్జి తగ్గించుకుంటది కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి. పూర్తిగా డౌన్ అయిన బండిని నెట్టి లాభం లేదు, ఈసీయూకే కరెంటు ఉండదు. హైవే మీదైతే పక్కకు తీసి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయడం నయం.

ఎలుకలు కొరికిన వైరు దొరికితే మెలిపెట్టి టేపు చుట్టొద్దు, ఆర్నెల్లకు అదే ఇంకో లోపమైతది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం వేయండి. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగులవి, అవి కొరికి ఉంటే చేయి పెట్టకుండా షోరూముకే పంపండి.