లాంగ్ స్ట్రెయిట్ షాట్: మళ్లీ ఎడమ జాకే

పూల్ ఆటలో ఈ వారం కూడా నా బాల్ తగిలింది ఎడమ జాకే (జా అంటే పాకెట్ నోటి పక్క అంచు). మూల నుంచి మూలకు సూటిగా పెట్టుకున్న షాట్‌లో బాల్ దాదాపు ప్రతిసారీ పాకెట్‌కు ఎడమ వైపే తగిలి బయటికి వస్తోంది. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతుంటే ప్రాక్టీస్ చాలలేదని సరిపెట్టుకోవచ్చు. ఎప్పుడూ ఒకే వైపు పోతోందంటే కారణం కూడా ఒక్కటే అయ్యుండాలి. అది దొరికేదాకా వేరే డ్రిల్ జోలికి పోకూడదని పట్టుబట్టాను. (మిడిల్ పాకెట్ షాట్లు బాగా పడుతున్నాయి. తెల్ల బాల్‌ను వెనక్కి రప్పించే డ్రా కూడా కుదిరింది.)

తిరుపతిలో మేం ఆడే పార్లర్‌లో ఉన్నది తొమ్మిది అడుగుల టేబుల్. కుషన్ల మధ్య కొలత 100 అంగుళాలకు 50, కాబట్టి ఐమూలగా 284 సెంటీమీటర్లు. పాకెట్‌లో వేయాల్సిన ఆబ్జెక్ట్ బాల్‌ను సరిగ్గా నడిమధ్యలో పెట్టాను. అక్కడి నుంచి పాకెట్‌కు 142 సెంటీమీటర్లు. క్యూతో (కర్రతో) కొట్టే తెల్ల బాల్ దానికి 120 సెంటీమీటర్లు వెనక. ప్రతిసారీ అదే చోట పెట్టడానికి ఫైలు కాగితాల రంధ్రాలకు అంటించే రింగ్ స్టిక్కర్లు వాడుతున్నా. ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతాయి, క్లాత్ పాడవదు.

ఈ షాట్ ఎందుకు ఇంత కష్టమో లెక్క వేసి చూశాను. పాకెట్ నోరు టేపుతో కొలిస్తే 115 మిల్లీమీటర్లు, బాల్ 57. అంటే అటు 29, ఇటు 29 మిల్లీమీటర్లు మాత్రమే వెసులుబాటు. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే, తెల్ల బాల్ వెళ్లి తగిలే చోట ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ తేడా వచ్చినా బాల్ పడదు. కోణంలో చెప్పాలంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు. గురి సరిగ్గా ఉన్నా స్ట్రోక్‌లో చిన్న వంకర చాలు, షాట్ పోతుంది.

నా గురిలోనే లోపం ఉందా, స్ట్రోక్‌లో ఉందా అని తేల్చడానికి తెల్ల బాల్ తీసేసి తొమ్మిదో నంబర్ బాల్ పెట్టాను. గీత నిలువుగా, అంకె ఉన్న తెల్ల గుండ్రం టిప్‌కు (క్యూ కొసకు) ఎదురుగా. స్టాప్ షాట్ (ఆబ్జెక్ట్ బాల్‌కు తగలగానే కొట్టిన బాల్ అక్కడే ఆగిపోయే షాట్) కొట్టి, బాల్ చేతిలోకి తీసుకుని టిప్‌కు రాసిన చాక్ మచ్చ ఎక్కడ పడిందో చూడటమే. ఈ పరీక్షకు తామ్ లాంటి ఖరీదైన చాక్ వద్దు, దాని మచ్చ సరిగ్గా కనబడదు. మామూలు నీలం మాస్టర్ చాకే మేలు. మచ్చ అంకె మీద పడలేదు. దాదాపు ప్రతిసారీ ఒకటి రెండు మిల్లీమీటర్లు కుడికే ఉంది. పైగా ఆబ్జెక్ట్ బాల్‌ను కొట్టాక తొమ్మిదో బాల్ ఉన్నచోటే అపసవ్యంగా తిరుగుతోంది. కుడి సైడ్ (బాల్ మధ్యకు కుడిగా కొడితే వచ్చే పక్క స్పిన్) పడుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కుడి సైడ్ పడితే స్క్వర్ట్ (పక్కన కొడితే బాల్ అవతలి వైపుకు జరగడం) వల్ల తెల్ల బాల్ ఎడమకు జరగాలి, అప్పుడు ఆబ్జెక్ట్ బాల్ కుడికి పోవాలి. నాకేమో ఎడమకు పోతోంది! ఇక్కడే చాలా సేపు బుర్ర వేడెక్కింది. పార్లర్‌లో స్కోరు చూసే మార్కర్ పెద్దాయన కాసేపు చూసి ఒకే మాటన్నాడు: "బాల్‌ని కాదు నైనా, నీ వెనక చెయ్యి చూసుకో. కొట్టేటప్పుడు ఎదకాడికి వస్తా ఉండాది."

ఆ మాటతో చిక్కుముడి విడిపోయింది. వెనక చెయ్యి ఛాతీ వైపు వస్తే బ్రిడ్జి (క్యూను ఆనించే ముందు చెయ్యి) దగ్గర క్యూ తిరిగి టిప్ కుడికి పోతుంది. అంటే సైడ్ పడటమే కాదు, క్యూ మొత్తం కుడికి చూస్తోంది. నా బ్రిడ్జి పొడవు, అంటే ముందు చెయ్యి నుంచి తెల్ల బాల్‌కు దూరం, 20 సెంటీమీటర్లే. అంత పొట్టి బ్రిడ్జి మీద టిప్ ఒక మిల్లీమీటరు జరిగితే క్యూ దాదాపు 0.29 డిగ్రీలు తిరుగుతుంది. స్క్వర్ట్ దాన్ని కొంత వెనక్కి లాగుతుంది గానీ పూర్తిగా కాదు. మిగిలిన తేడాకు సైడ్ స్పిన్ వల్ల వచ్చే త్రో (తగిలేటప్పుడు రాపిడికి ఆబ్జెక్ట్ బాల్ పక్కకు జరగడం) తోడై బాల్ ఎడమ జాకు పోతోంది.

బ్రిడ్జి పొడవు షాఫ్ట్‌కు (క్యూ ముందు భాగానికి) సరిపోతే క్యూ తిరగడం, స్క్వర్ట్ అనే ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. నా మేపుల్ షాఫ్ట్‌కు ఆ పొడవు 30 సెంటీమీటర్ల దగ్గర తేలింది. కావాలని సైడ్ పెట్టి బ్రిడ్జి దగ్గరే క్యూ తిప్పి కొడుతూ, ఏ పొడవులో తెల్ల బాల్ ఇంకా నిండుగా తగులుతుందో చూసి పట్టుకున్నాను. బ్రిడ్జిని 28కి పెంచగానే మీడియం స్పీడ్ షాట్లు పాకెట్ మధ్యలోకి వెళ్తున్నాయి. ఆ శబ్దం వింటుంటే ఎంత హాయిగా ఉందో!

గట్టిగా కొడితే మాత్రం ఇంకా ఎడమకే. అప్పుడు మచ్చ మూడు మిల్లీమీటర్ల దాకా పక్కకు పోతోంది. చివర్లో పిడికిలి బిగుస్తోందని నా అనుమానం. నవంబరు వానలకు క్లాత్ చెమ్మ పట్టి, ఇంత దూరంలో స్టాప్ షాట్ ఆగాలంటే మామూలు కన్నా బలం పెట్టాల్సి వస్తోంది. ఆ బలమంతా వేళ్లలోకి వస్తోందేమో. చూపుడు వేలు, బొటన వేలు మాత్రమే ఆనించి కొట్టినప్పుడు మచ్చ అంకెకు దగ్గరగా పడింది, కానీ అలా ప్రతిసారీ కుదరడం లేదు.

లో డిఫ్లెక్షన్ షాఫ్ట్ కొంటే సరిపోతుందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అందులో స్క్వర్ట్ తక్కువ కాబట్టి, నాలా చెయ్యి పక్కకు లాగేవాళ్ల తప్పును అది సరిదిద్దదు. దానికి ఇంకా పొడవైన బ్రిడ్జి కావాలి. ఫ్రెండ్ దగ్గర కార్బన్ షాఫ్ట్ ఉంది, అది అడిగి తెచ్చి ఇవే కొలతలు మళ్లీ తీస్తాను. అంతకుముందు ఫోన్‌ను టేబుల్ అవతలి కొసన పెట్టి మోచేతిని ఎదురుగా వీడియో తీయాలి. పక్కనే పన్నెండడుగుల స్నూకర్ టేబుల్ ఖాళీగా ఉంటోంది. బ్రౌన్, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా తెల్ల బాల్‌ను కొట్టి, తిరిగి టిప్‌కే వస్తుందా అని చూసే పాత డ్రిల్ అక్కడ మొదలుపెడతాను, ముందు మీడియం స్పీడ్‌లో, తర్వాత గట్టిగా.